సంఘసేవకు సంకోచమేల?

(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



ఏటేట ఈ సభలో పరీక్షా ఫలితములనుగూర్చియు, కట్టడపు మరమ్మతులనుగూర్చియు, మాతృభాష గొప్పతనమునుగూర్చియు మాట్లాడుట మనకు ఆచారముగా వచ్చుచున్నది. ఈ యేడు ఆ మూడింటిని కొంచెము ప్రక్కనుంచి, ఆ మూడింటికిని మూలమైన వేరొక విషయమును మీ ముందుంచదలచితిమి. పదిమందికి పనికివచ్చు పనికి మనుష్యులు కావలెనన్నప్పుడు, మంచి మనసుగలవారు సయితము ఒక యడుగు వెనుకకు వేయుదురు. ఎందుచేత? ఆ వెనుకడుగును ముందడుగుగా మార్చుట యెట్లు? ఇదియే నేటి మా ప్రసంగ విషయము.

దీనిని నిందగా ఎవరును తలపవలదని మొదటనే మనవి చేయుచున్నాము. “మనవారిలో సేవాభావము లేదు” అని వేదికలెక్కి వాపోవుట మాకు సమ్మతము గాదు. ఏలయన, అది నిజము గాదు.

కామాటిపుర గల్లీలలోగాని, వర్లీ, నాయగాం, డిలైల్ రోడ్డు చాళ్ళలోగాని ఒక యింట మరణము సంభవించినదనుకొందము. అర్ధరాత్రియైనను ఎవరినెవరు పిలువనక్కరలేదు. ఒకరు వెదురును కొత్తబట్టను తెత్తురు. ఒకరు డాక్టరు సర్టిఫికెట్టుకై పరుగెత్తుదురు. ఒకరు ఊరిలోని బంధువులకు ఫోను చేయుదురు. ఎదుటి గదివారు పిల్లలను తమ యింటికి తీసికొనిపోయి అన్నము పెట్టుదురు. పొయ్యి వెలిగింపని ఆ యింటికి పైయంతస్తునుండి టీ దిగివచ్చును. ఇందులో అధ్యక్షుడు లేడు, కార్యదర్శి లేడు, తీర్మానము లేదు. పని మాత్రము ఒక్కటియు ఆగదు.

అట్టివారినే మరునాడు కలిసికొని, “శనివారము సాయంకాలము రెండుగంటలు పాఠశాలకు రండి, నాల్గవ తరగతి పిల్లలచేత చదివింపుడు” అని అడిగినచో, “చూతము లెండి” అందురు. ఈ “చూతము” అను మాట మన భాషలో ఎంత మర్యాదగల నిరాకరణమో మీకందరకును తెలిసినదే.

కావున మనకు కొదువయైనది దయ కాదు. అడుగకుండ చేయు సాయములో మనలను మించినవారు లేరు. అడిగినప్పుడు చేయవలసిన సాయముకడనే చిక్కు వచ్చుచున్నది. ఆ చిక్కులో మాకు ఐదు ముడులు కనబడుచున్నవి. ఒక్కొక్కదానిని విప్పి చూతము. ఈ “చూతము” నిరాకరణము గాదు.

మొదటి ముడి చాల పాతది. కామాటిపురమను పేరులోనే మన చరిత్ర యున్నది. కామాటి యనగా మట్టిపని, రాతిపని, కూలిపని చేయువాడు. 1784లో హార్న్‌బీ వెల్లార్డ్ అను సముద్రపు కట్ట పూర్తియై, పోటునీట మునుగుచుండిన పల్లపునేలలు ఆరిన పిమ్మట, ఆ శతాబ్దాంతమునుండి తెలుగు కామాటీలు ఆ ప్రాంతమున కాపురములు పెట్టిరి. 1856లో టార్డియోలో తొలి నూలుమిల్లు నడువసాగినది. మిల్లులు పెరిగినకొలది కరీంనగరము, నల్లగొండ, నిజామాబాదు, పాలమూరు సీమలనుండి పద్మశాలీలును ఇతర కులములవారును వచ్చి మరమగ్గములకడ నిలిచిరి. కరవునకు తాళలేక వచ్చినవారు కొందరు, అప్పునకు తాళలేక వచ్చినవారు కొందరు, వెట్టికి తాళలేక వచ్చినవారు కొందరు.

వెట్టి యననేమో మన పెద్దలకు చెప్పనక్కరలేదు. పిల్లలకు మాత్రము చెప్పవలసియున్నది. నిజాం రాష్ట్రములో దొరగారి కబురు వచ్చినచో, కూలి లేకుండ, కాదనకుండ పోయి పనిచేయవలెను. తన పొలము ఎండుచున్నను దొర పొలము దున్నవలెను. అధికారి యూరికి వచ్చినచో అతని మూటలు మోయవలెను. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటి ఆంధ్రమహాసభ జరిగినది. అప్పటినుండి ప్రజలలో పెరిగిన మేలుకొలుపులో వెట్టిపై నిరసన ప్రధానమైనది. 1946నుండి 1951వరకు సాగిన తెలంగాణా రైతాంగ పోరాటమునకును వెట్టియే ఒక ముఖ్యకారణము.

అట్టి యూళ్ళనుండి వచ్చినవారి మనుమలతో, మునిమనుమలతో మనమిప్పుడు మాట్లాడుచున్నాము. తెల్లబట్టలు కట్టిన పెద్దమనిషి యొకడు గుమ్మమున నిలిచి, “జీతమడుగవలదు, నలుగురి మేలుకొరకు ఈ పని చేయుము” అన్నచో, విన్నవాని మనసు లోలోపల ముడుచుకొనుట వింత గాదు. అది సోమరితనము గాదు. తాతలు బాధపడి నేర్చుకొనిన ఆత్మగౌరవము. దానిని మేము గౌరవించుచున్నాము.

అయితే వెట్టికిని సేవకును గల భేదమును మనము స్పష్టముగా గుర్తింపవలెను. వెట్టికి “కాదు” అను వీలు లేదు, సేవకు కలదు. వెట్టిలో దొర కూర్చుండును, కూలివాడు నిలుచును. సేవలో పిలిచినవాడే ముందుగా చీపురు పట్టును. వెట్టికి అంతులేదు; సేవకు వేళయు గడువును ఉండును. వెట్టి ఫలము దొర గాదెకు పోవును. సేవ ఫలము చేసినవాని బిడ్డకును ప్రక్కయింటి బిడ్డకును సమముగా అందును. ఈ నాలుగు గుర్తులలో ఏదైన లోపించినచో, ఎంత మంచి పేరు పెట్టినను అది వెట్టియే. కావున ఈ మొదటి ముడిని విప్పవలసిన భారము పిలువబడినవారిమీద లేదు. పిలుచు మామీదనే యున్నది. “అందరు అందలమెక్కితే మోసేవారెవరు?” అను సామెతను సంఘముల పెద్దలు ఇతరులకు వినిపించుటకు ముందు తాము వినవలెను.

రెండవ ముడి కాలమునకు సంబంధించినది. “మాకు వారమునకు ఒక్కటే ఆదివారము. ఆ ఒక్కనాడును ఇంటిపట్టున నుండవలదా?” అని అనేకులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. కాని ఆ ఆదివారము మనకెట్లు దక్కినదో కూడ తెలిసికొనుట మంచిది.

మిల్లులు పుట్టిన తొలి దశాబ్దములలో బొంబాయి కార్మికునకు వారపుసెలవు లేదు. సూర్యోదయమునుండి సూర్యాస్తమయమువరకు పని. నారాయణ్ మేఘాజీ లోఖండే అను ఆయన మిల్లులో ఉద్యోగముచేసి, కార్మికుల కష్టమును కన్నులార చూచెను. 1880నుండి బొంబాయిలో ‘దీనబంధు’ పత్రికను నడపెను. 1884లో 5,500 మంది కార్మికుల సంతకములతో ఒక విన్నపము సిద్ధమయ్యెను. అందలి మొదటి కోరిక వారమునకొక సెలవు. 1890 ఏప్రిల్ 24న మహాలక్ష్మి మైదానమున 10,000 మంది కార్మికులు కూడిరి. అదే సంవత్సరము జూన్ 10న మిల్లు యజమానుల సంఘము ఆదివారపు సెలవునకు అంగీకరించెను. ఆ సంతకములను సేకరించినవారికి వారపుసెలవు లేదు. పగలంతయు పనిచేసి, రాత్రి చాళ్ళవెంట తిరిగి సేకరించిన సంతకములవి. నేడు మనము కాపాడుకొనుచున్న ఆదివారము పరుల సేవాఫలమే. అందులోనుండి నెలకు రెండుగంటలు తిరిగి యిచ్చుట దానము గాదు. వడ్డీలో చిన్న భాగము.

ఆ చరిత్రలో మనవారికిని పాలు కలదు. 1873 సెప్టెంబరు 24న పూనాలో జోతీరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజమునకు బొంబాయిలో తొలినాటి అండలలో తెలుగువారు ముఖ్యులు. వ్యంకూ కాళేవార్, జాయా కరాడీ లింగూ, వ్యంకయ్య అయ్యవారు మొదలగువారు తమ ధనముతో ఆ సమాజమునకు ముద్రణాలయమును సమకూర్చియిచ్చిరి. లోఖండే ఆ సమాజమువాడే. తెలుగువారిచ్చిన అచ్చుయంత్రము, మరాఠీవారి కలము, అన్ని కులముల కార్మికుల సంతకములు: ఈ నగరమున మంచిపనులు ఇట్లే జరిగినవి.

మూడవ ముడి సంకోచములలోకెల్ల సున్నితమైనది. “మాకేమి వచ్చును? మేము చదువుకొన్నవారము కాము. నలుగురిలో మాట్లాడలేము” అని, ముఖ్యముగా తల్లులు, తప్పుకొందురు. ఇందాక చెప్పిన మహాలక్ష్మి సభలో, 1890లో, ఇద్దరు కార్మికస్త్రీలు లేచి మాట్లాడిరి. స్త్రీ వీధిలో నిలిచి మాట్లాడుటయే తప్పని తలచు దినములవి. వారికి పట్టములు లేవు. వారికి తెలిసినది తమ కష్టము మాత్రమే. అదియే చాలినది.

సేవయనగా ఉపన్యాసమిచ్చుట, లెక్కలు వ్రాయుట అని యెవరో మనకు నూరిపోసినారు. పాఠశాలకు కావలసినవానిని ఒక్కసారి లెక్కించి చూడుడు. గోడకు పగులువారినది: మనలో మేస్త్రీలున్నారు. నాటకమునకు దుస్తులు కావలెను: ఇంటింట కుట్టుమిషనున్నది. పంకా తిరుగుటలేదు: కరెంటుపని తెలిసినవారు మూడవ గల్లీలోను ఉన్నారు, పదునాలుగవ గల్లీలోను ఉన్నారు. చిన్నపిల్లలను ట్రాఫిక్కు దాటించి తీసికొనివచ్చుటకు ఒక పెద్దచేయి కావలెను. ఆధారు కార్డులోని పేరును పాఠశాల రిజిస్టరులోని పేరుతో సరిచూచుటకు, బ్యాంకులో పనిచేయు యువకుడొకడు గంటసేపు కూర్చుండినచో చాలును. ఇక అన్నిటికంటె మించినది మరియొకటి కలదు. పగలంతయు హిందీ మరాఠీలలో మెలగు మన పిల్లలకు నిండుతెలుగు వినిపించు నోరు కావలెను. ఒక్క అక్షరము రాని అమ్మమ్మ, పొడుపుకథలు విప్పుచు అరగంట కూర్చుండినచో, అది యే పాఠ్యపుస్తకమును ఇయ్యలేని పాఠము. వారధి కట్టునాడు ఉడుత యిసుక రేణువులు మోసినదని చెప్పుకొందుము గదా! ఉడుత తాను కొండరాయి మోయలేనని యింటికడ కూర్చుండలేదు.

చదువుకొన్నవారికిని ఒక మాట. 1911లో నారాయణ్ మల్హార్ జోషీగారు బొంబాయిలో సోషల్ సర్వీసు లీగును స్థాపించిరి. ఆ లీగు కార్మికులకొరకు రాత్రిబడులు, పఠనమందిరములు, గ్రంథాలయములు నడపెను. ఉద్యోగము, చదువు గల యువకులు చాళ్ళకు నడచివచ్చి, దీపముల వెలుతురున కార్మికులకు అక్షరములు దిద్దించిరి. మనలో అనేకులు దినదినము నడచు డిలైల్ రోడ్డునకు నేడు ఆయన పేరే యున్నది. ఆ దారిన పోవునప్పుడైనను, ఎదిగి వేరు పేటలకు వెళ్ళిన మన పట్టభద్రులు తాము చదివిన బడివైపు తిరిగి చూడవలదా?

నాల్గవ ముడి నిందాభయము. “పని చేసినవారిమీదనే మాటలు పడును. చేతికి డబ్బు తగిలినచోట ఊరి నాలుకకు పని తగులును. పైగా, ‘ఊరికి ఉపకారి, ఆలికి అపకారి’ అని యింట దెప్పుదురు. మాకెందుకీ గొడవ?” అని మంచివారు తొలగిపోవుదురు. మంచివారు తొలగిన చోటనే గొడవలు పెరుగును; గొడవలు పెరుగుటచే మరికొందరు మంచివారు తొలగుదురు. ఈ సుడిగుండమున మునిగిన సంఘములు పెక్కు.

దీనికి మందు ఉపదేశము గాదు, పద్ధతి. పని చేయువాని చేతికి డబ్బు తగులకూడదు. డబ్బు పట్టువాడు ఒక్కడే కారాదు. వచ్చినదియు ఖర్చైనదియు అందరు చదువగల తెలుగులో గోడమీద వ్రేలాడవలెను. లెక్క గోడమీద నున్నచో అనుమానము నోటిలో నిలువదు. ఇక ఇంటివారి దెప్పునకు మందు, ఇంటివారిని వెంటబెట్టుకొని వచ్చుటయే. భార్యాభర్తలు కలసి చేసిన పని ఎవరికిని అపకారము కాదు. వచ్చు వేళయు పోవు వేళయు ముందుగా తెలిసినచో, కుళాయికి నీళ్ళు వచ్చు గంట తప్పదు, వంట ఆలస్యము గాదు.

ఐదవ ముడి మన మనసులలో లోతుగా దాగియున్నది. “మేము ఇచ్చట నాలుగు దినములుండి, నాలుగు రూకలు వెనుకవేసికొని, ఊరికి పోవువారము. ఇచ్చటి పనులు మాకేల?” ఈ మాటను తాత అనెను, తండ్రి అనెను, కొడుకును అనుచున్నాడు. నాలుగు దినములు రెండువందల యేండ్లు దాటినవి. ఈలోపల మన యూరు హైదరాబాదు రాష్ట్రమునుండి 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశములోనికిని, 2014 జూన్ 2న తెలంగాణలోనికిని వచ్చినది. మనమున్న నగరము 1960 మే 1న మహారాష్ట్ర రాజధాని యైనది. రాష్ట్రములు మారినవి, పటములు మారినవి. మన పిల్లలు పుట్టి పెరిగినది మాత్రము ఈ చాళ్ళలోనే. ఊరిని మరువవలెనని మేము చెప్పుట లేదు. ఊరు మన వేరు. ఈ బడి మన నీడ. వేరునకు నీరుపోయువాడు నీడనిచ్చు కొమ్మను నరుకుకొనునా?

ఈ ఐదు ముడులను విప్పుటకు ఇప్పుడే ఏల తొందర అందురేమో. రెండు కారణములు చెప్పెదము.

మొదటి కారణము: మనలను అడుగకుండ కలిపియుంచిన కట్లు ఒక్కొక్కటిగా తెగుచున్నవి. మిల్లు గేటు మనకు సభాస్థలముగా నుండెడిది. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షలమంది కార్మికులు పాల్గొనిరి. అటుపిమ్మట మిల్లులు మూతబడినవి. మనవారిలో కొందరు భివండి మరమగ్గములకును, కొందరు షోలాపురమునకును, కొందరు దూరపు ఉపనగరములకును చెదరిపోయిరి. ఇప్పుడు చాళ్ళవంతు వచ్చినది. వర్లీ, నాయగాం, డిలైల్ రోడ్డు, శివ్డీలలో కట్టిన 207 బి. డి. డి. భవనములలో గది 160 చదరపు అడుగులు. అందుముందు అందరికి ఉమ్మడి వసారా. వర్లీలో ఆ స్థానమున ఆకాశహర్మ్యములు లేచి, 2025 ఆగస్టులో మొదటి 556 కుటుంబములకు 500 చదరపు అడుగుల కొత్తయిండ్ల తాళపుచెవులు అందినవి. సంతోషింపదగిన విషయమే, మన తల్లులు వసారాలో క్యూ కట్టిన కష్టము ఇకనైనను తీరవలెను.

కాని ఒక్కటి గమనింపుడు. వసారా పోయినచో, ఎదుటి గదిలో పొయ్యి వెలుగలేదని మనకు తెలియు దారియు పోవును. మూయబడిన తలుపుల వెనుక అడుగకుండ చేయు సాయము నిలువదు. అందుచేతనే ఇకమీదట మనము అడుగుటను నేర్వవలెను. అడిగినప్పుడు వచ్చుటను నేర్వవలెను. వసారా చేసిన పనిని ఇకమీదట పాఠశాల చేయవలసియున్నది.

రెండవ కారణము పాఠశాలయే. మతమునుబట్టియైనను భాషనుబట్టియైనను అల్పసంఖ్యాకులైనవారు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నడపుకొను హక్కును రాజ్యాంగము 30వ అధికరణమున ఇచ్చినది. పిల్లలకు ప్రాథమికవిద్య మాతృభాషలో అందునట్లు ప్రయత్నింపవలెనని 1956లో చేర్చిన 350-ఎ అధికరణము రాష్ట్రములకు చెప్పుచున్నది. ముంబయి నగరపాలక సంస్థ ఎనిమిది భాషలలో బడులు నడుపుచున్నది. అందు తెలుగు ఒకటి. హక్కున్నది, చట్టమున్నది, బడియున్నది. అయినను తెలుగు తరగతులలో పిల్లల సంఖ్య యేటికేడు తగ్గుచున్నది. రాజ్యాంగము మనకు హక్కునిచ్చెను గాని చేతులనియ్యలేదు, చేతులు మనవి. జూన్ మాసమున గల్లీ గల్లీ తిరిగి, ఆరేండ్లు నిండిన బిడ్డ యే యింటనున్నదో కనుగొని తెచ్చువారు లేనిచో, ఏ అధికరణమును ఆ బిడ్డను బడికి నడిపింపజాలదు. ఒక తరగతి మూతబడిన పిమ్మట తెరచుట, మూతబడకుండ నిలుపుటకంటె పదిరెట్లు కష్టము.

ఇక మార్గము. దానికై దూరము పోనక్కరలేదు. బడికి రెండుగంటలు రాని మన యువకులు గణపతి పందిటిలో పది రాత్రులు నిద్రమాని పనిచేయుదురు. బొంబాయిలో 1893లో గిర్గాఁవ్ కేశవ్‌జీ నాయక్ చాలులో సార్వజనిక గణేశోత్సవము మొదలైననాటినుండి ఈ నగరపు చాళ్ళు ఈ విద్యను ఎరుగును. మన తల్లులు బతుకమ్మకు తొమ్మిదినాళ్ళు పూవులు సేకరింతురు. అచ్చట రానిది ఇచ్చట ఏల వచ్చుచున్నదీ సంకోచము? అచ్చట పని కంటికి కనబడును. ప్రక్కన స్నేహితుడుండును. మొదలు ఎప్పుడో, ముగింపు ఎప్పుడో ముందే తెలియును. పందిరి కట్టువాడు తాళ్ళు కట్టును, పాడువాడు పాడును. ఎవని చేతి పని వానిది. అన్నిటికంటె, పత్రిక పంచి ఊరకుండరు. స్నేహితుడు ఇంటికి వచ్చి, పేరుపెట్టి పిలుచును. “అడగనిదే అమ్మయినా పెట్టదు” అందురు. పేరుపెట్టి అడుగని సంఘమునకు ఎవరును రారు.

కావున మా కార్యవర్గము ఈ సంవత్సరమునకు కొన్ని కట్టుబాట్లు చేసికొన్నది. “అందరును సహకరింపవలెను” అను ప్రకటన ఇక వ్రాయబోము. అందరిని ఉద్దేశించిన మాట ఎవరికిని తగులదు. ప్రతి పనియు చిన్నదిగా, పేరుతో, వేళతో, గడువుతో బల్లమీద వ్రాయబడును. ఏ పనికైనను ఇద్దరిద్దరినే పిలిచెదము. ఒంటరిగా ఎవరిని నిలువబెట్టము. కొత్తగా వచ్చినవారికి మొదటిసారి రెండుగంటలకు మించిన పని యియ్యము. గడువు తీరిననాడు మేమే వచ్చి నమస్కరించి సెలవిచ్చెదము. ఒకసారి దొరికిన మంచివానిని జీవితాంతము వదలకుండుట సంఘములకు గల పెద్ద దురభ్యాసము. ప్రతినెల అయిదవ తేదీలోగా జమాఖర్చులు గోడమీద నుండును. కార్యవర్గ సభ్యులు ఇతరుల నడుగుటకు ముందు తామొక పని వ్రాసికొందురు. నీళ్ళతొట్టి కడుగు పని ఇప్పటికే అధ్యక్షులవారు తీసికొన్నారు.

తల్లిదండ్రులారా! లోఖండేగారి కథలో మిగిలిన భాగము చెప్పి ముగించెదము. 1896 సెప్టెంబరులో ఈ నగరమున ప్లేగు బయలుదేరెను. లక్షలకొలది జనము నగరము విడిచి పారిపోయిరి. ఆయన పారిపోలేదు, రోగులకు సేవచేయుచు తానును ఆ రోగమునకే లోనై 1897 ఫిబ్రవరి 9న మరణించెను. నెల తిరిగిన పిమ్మట, మార్చి 10న, పూనాలో సావిత్రీబాయి ఫూలే అట్లే ప్లేగు రోగులకు సేవచేయుచు కన్నుమూసెను. మనకాలమున 2020లో మహమ్మారి వచ్చి, దుకాణములు, రైళ్ళు నిలిచిన దినములలో, ఎప్పుడును ఏ సంఘమునందును పేరు వ్రాయించుకొననివారు చాళ్ళలో వండి, ఆకలిగొన్నవారికి పెట్టిన సంగతి మీరెరుగుదురు. ఆపద వచ్చినప్పుడు మనవారు చిన్నవారు కారు. ఆపద లేని దినములలో, చప్పట్లు లేని చోట, అదే మనసును నెలకు రెండుగంటలు నిలుపగలుగుటయే ఇప్పుడు కావలసినది. ఎవరి ప్రాణములను మేము అడుగుటలేదు.

సభానంతరము, వాకిట నున్న బల్లమీద ఇరువదిరెండు పనుల పేర్లు వ్రాసియున్నవి. వానిలో పెద్దది ఆరు ఆదివారములలో ముగియును. చిన్నది నలుబది నిమిషములలో ముగియును. చదివి చూడుడు. మీ చేతికి తగినది కనబడినచో పేరు వ్రాయుడు. వ్రాయుట రానిచో చెప్పుడు, మా పిల్లలు వ్రాయుదురు. ఏదియు తగినది లేదనినచో, “ఇప్పుడు వీలుకాదు” అని నిర్భయముగా చెప్పుడు. రేపు మెట్లమీద ఎదురుపడినప్పుడు మా నమస్కారములో ఏ మార్పును ఉండదు. కాదనుటకు స్వేచ్ఛ యున్నచోటనే ఔననుటకు విలువ యుండును. ఆ స్వేచ్ఛకొరకే మన పెద్దలు ఊరు విడిచి ఇంతదూరము నడచివచ్చిరి. దానిని మీ చేతిలోనుంచి, మీ ఔననుటకై ఎదురుచూచుచున్నాము.